కల్పిత యంత్రములకిచ్చిన మాట

ఒక కంప్యూటరులోపల మఱియొక కంప్యూటరును కల్పించు సాఫ్టువేరులలో, 2003లో ఫాబ్రిస్ బెల్లార్డుగారు వెలువరించిన క్యూఎము ప్రసిద్ధము. ఇంటెలువారి 1996 నాటి 440ఎఫ్ఎక్స్ చిప్‌సెట్టును అది నేటికిని అనుకరించుచున్నది. లోపల నడచునది విండోసు అనుకొందము. పరికరములు హఠాత్తుగా మాఱినచో తికమకపడును. కావున ప్రతి విడుదలనాటి యంత్రరూపమునకును ఒక సంఖ్యనిచ్చి, తరువాతి విడుదలలలోను దానినట్లే నిలుపుదురు. నడచుచున్న యంత్రమును ఆపకయే వేఱొక కంప్యూటరునకు తరలింపవలెనన్నను, ఇరుప్రక్కల నా రూప మొక్కటియే కావలెను.

ఐనను ఈ రూపములు శాశ్వతములు గావు. మూడేండ్లు దాటిన రూపమును గూర్చి హెచ్చరించి, ఆఱేండ్లకు తొలగించుట నేటి నియమము. ఇది కఠినమని కొందఱందురు; మే మట్లు తలంపము. ఎవరును పరీక్షింపని పాతరూపమును పేరునకు మాత్రము నిలుపుట యజమానిని మోసగించుటయే కదా! హెచ్చరిక వచ్చిన పిమ్మట మూడేండ్ల వ్యవధి గలదు. ఆలోపల యంత్రమును ఒకసారి యాపి, సంఖ్య మార్చి, నడిపి చూచుకొనవచ్చును. అప్పుడు విండోసు తన యనుమతిని మరల నడిగిన నడుగవచ్చును. అది వేఱు తలనొప్పి.