ఇంగ్లిష్‌ను భాషగా నేర్పండి: చాదర్‌ఘాట్ ప్రణాళిక

ఇమ్లీబన్‌లో జిల్లా బస్సులు దిగి చాదర్‌ఘాట్, కోఠి కాలేజీలకు వచ్చే విద్యార్థులం, వాళ్లకు పాఠం చెప్పే అధ్యాపకులం కలిసి ఈ ఉద్యమం మొదలుపెడుతున్నాం. విశ్వవిద్యాలయం మాకు ఇంగ్లిష్‌ను కొత్త భాషగా నేర్పాలి. ఎప్పుడో వచ్చేసిందనుకుని సాహిత్యం చెప్పుకుపోవడం ఇక చాలు.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు పాఠాలు ఉర్దూలో చెప్పేవారు. ఇంగ్లిష్ అందరూ తప్పక నేర్వాల్సిన భాష. తెలుగు పిల్లలకు ఆ ఉర్దూ కూడా పరాయిదే, ఆ అన్యాయాన్ని మరవలేం. అయినా శాస్త్రం చదవడం వేరు, ఇంగ్లిష్ నేర్వడం వేరన్న ఎరుక అందులో ఉంది. 1958లో ఇంగ్లిష్ బోధన కోసమే హైదరాబాద్‌లో కేంద్ర సంస్థ పుట్టింది. 2007లో అది ఇఫ్లూ అనే కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. విదేశీయులకు ఇంగ్లిష్ నేర్పిన అనుభవం తార్నాకలోని ఆ ఇఫ్లూకు ఉంది. మా డిగ్రీ తరగతిలో మాత్రం పద్యం సారాంశం, గైడు, బట్టీ.

పని కష్టమని తెలుసు. నల్లగొండ తెలుగు మీడియం అమ్మాయి, పాతబస్తీ ఉర్దూ మీడియం అమ్మాయి, కాన్వెంట్‌లో చదివిన అమ్మాయి ఒకే గదిలో కూర్చుంటారు. ఒకరికి క్రియ వాక్యం చివర పెట్టే అలవాటు, ఇంకొకరి చేతికి కుడి నుంచి ఎడమకు రాసే అలవాటు. ముగ్గురికీ ఒకే పుస్తకం. అధ్యాపకుల్లో చాలామంది ఎం.ఏ.లో సాహిత్యమే చదివారు. ఎదిగినవాళ్లకు భాష ఎలా నేర్పాలో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. మార్కుల్లో సింహభాగం రాతకే. మాట్లాడటం రావాలంటే అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఫీజు కట్టాలి. అది కట్టలేని అమ్మాయి ఇంటర్వ్యూ గదిలో నోరు విప్పలేకపోతే ఆ తప్పు ఆమెది కాదు.

2022 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చింది కదా, చిక్కు అదే తీరుతుందంటారు కొందరు. మేం ఒప్పుకోం. మీడియం మార్చినంత మాత్రాన భాష రాదు. అర్థంకాని భాషలో చెబితే సైన్సు కూడా పోతుంది.

అందుకే అడుగుతున్నాం: చేరినప్పుడే ఎవరికెంత వచ్చో చూసి, స్థాయిని బట్టి చిన్న తరగతులు పెట్టండి. మొదటి సెమిస్టర్‌లో తెలుగులో, ఉర్దూలో వివరించనివ్వండి. మాటకూ పరీక్ష, మార్కులు ఉండాలి. గంటల లెక్కన జీతం తీసుకునే గెస్ట్ లెక్చరర్ల మీద కాక, శిక్షణ పొందిన శాశ్వత అధ్యాపకుల మీద ఈ కార్యక్రమం నిలవాలి. వాళ్ల శిక్షణ బాధ్యత ఇఫ్లూ తీసుకోవాలి.

బ్రిటిష్ రెసిడెంట్లు హైదరాబాద్ మీద పెత్తనం చేసిన కోఠి ప్రాంగణంలో ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరిట మహిళా విశ్వవిద్యాలయం ఉంది. మొదటి తరగతులు అక్కడే, వచ్చే విద్యా సంవత్సరమే మొదలుకావాలి.