నానో మందులు – బొగ్గు ధూళి

గోదావరిఖని, రామగుండం ప్రాంతాల గృహిణులకు ధూళి గురించి ఎవరూ వివరించనవసరం లేదు. కిటికీ చువ్వలపై పేరుకునే నల్లని పొడిని వారు నిత్యం తుడుస్తూనే ఉంటారు. అయితే కంటికి కనిపించే ఆ పొడి కంటే కనిపించనిదే ఎక్కువ ప్రమాదకరం. పెద్ద రేణువులను ముక్కు, గొంతు అడ్డుకుంటాయి. 5 మైక్రాన్లకు, అంటే మిల్లీమీటరులో 200వ వంతుకు లోపు ఉన్నవి ఊపిరితిత్తుల చిట్టచివరి గాలి గదులదాకా చేరగలవు.

ఈనాటి వైద్యశాస్త్రం అంతకంటే చిన్న పరిమాణంలో మందులను రూపొందిస్తోంది. మిల్లీమీటరును 10 లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. 1995లో అమెరికాలో అనుమతి పొందిన డాక్సిల్ అనే క్యాన్సర్ మందును సుమారు 100 నానోమీటర్ల కొవ్వు బుడగల్లో నింపారు. దానివల్ల గుండెకు కలిగే హాని తగ్గింది. కొన్ని కోవిడ్ టీకాలు శరీర కణాల్లోకి చేరిందీ ఇటువంటి కొవ్వు రేణువుల ద్వారానే.

మన రాష్ట్రంలోనూ ఇందుకు చక్కని ఉదాహరణ ఉంది. 2021 మే నెలలో, బ్లాక్ ఫంగస్ ప్రజలను వణికిస్తున్నవేళ, హైదరాబాద్ ఐఐటీ పరిశోధకులు యాంఫోటెరిసిన్-బి మందును నానో పోగుల్లో చేర్చి 60 మిల్లీగ్రాముల మాత్రగా తయారుచేసినట్లు ప్రకటించారు. కాలా అజార్ జ్వరం కోసం మొదలైన పరిశోధన అది. మందు నెమ్మదిగా విడుదలై మూత్రపిండాలపై భారం తగ్గాలన్నది వారి ఉద్దేశం. ఆ పరిజ్ఞానంపై మేధోహక్కుల ఆంక్షలు ఉండవని కూడా వారు తెలియజేశారు. నలుగురికీ మేలుచేసే విద్యను దాచుకోకపోవడం ఇస్లాం మెచ్చే గుణం.

మరి ఇంతటి విజ్ఞానం గని కార్మికుని ఊపిరితిత్తులను బాగుచేయగలదా? ధూళిని మింగిన రక్షక కణాలు దెబ్బతిని, చుట్టూ ఉన్న కణజాలం క్రమంగా గట్టిపడుతుంది. ఈ వ్యాధి పేరు న్యూమోకోనియోసిస్. అలా గట్టిపడిన భాగాన్ని తిరిగి మెత్తబరచే మందు, నానో అయినా మరొకటైనా, నేటికీ లేదు. కనుక నానో పేరు చెప్పి ఊపిరితిత్తులను కడిగేస్తామనేవారి మాటలు నమ్మి కష్టార్జితాన్ని పోగొట్టుకోవద్దని మనవి.

ప్రతి వ్యాధికీ అల్లాహ్ చికిత్సను ప్రసాదించాడని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. ఆ చికిత్సను అన్వేషించడం శాస్త్రజ్ఞుల బాధ్యత. అది లభించేదాకా దేహమనే అమానతును కాపాడుకోవడం మన బాధ్యత. ముందు ఒంటెను కట్టి, ఆపై అల్లాహ్‌పై భారం వేయమన్నది కూడా ఆయన బోధే.

గనిలో నీళ్లు చల్లి ధూళిని అణచడం, ముఖానికి సరిగా అమరే మాస్కు ధరించడం, నిర్ణీత కాలంలో ఛాతీ ఎక్స్‌రే తీయించుకోవడం, పొగతాగడం మానడం, ఇంట్లో పొడి చీపురుకు బదులు తడిగుడ్డ వాడటం ఒంటెను కట్టడం వంటివే. ఈ వ్యాధి పదవీ విరమణ తర్వాత కూడా బయటపడవచ్చు. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే తండ్రిని, మామను, ‘వయసు మీదపడింది’ అని సరిపెట్టుకోకుండా ఒకసారి ఛాతీ వైద్యునికి చూపించండి. గనిలో ఎన్నేళ్లు, ఏ పని చేశారో కూడా ఆ వైద్యునికి తప్పక చెప్పండి.