చాట పక్కన పసిబిడ్డ

నిజామాబాదు, జగిత్యాల ప్రాంతాలలో ఏ బీడీ కార్మికుల వాడకు వెళ్లినా మధ్యాహ్నవేళ ఒకే దృశ్యం కనిపిస్తుంది. తల్లి ఒడిలో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు; పక్కన నేలమీద పాకే పసిబిడ్డ. ఆ ఇల్లు పద్మశాలీలదైనా, ముస్లింలదైనా దృశ్యంలో భేదం లేదు. వేయి బీడీల లెక్కన కూలి ముట్టే పనిలో, బిడ్డను ఎత్తుకొన్న ప్రతి నిమిషం కూలిలో కోతయే. ఎత్తుకొనకుంటే బిడ్డ చేయి తంబాకు మీదికి పోతుంది. ఈ రెండింటి నడుమ ఆ తల్లి ఏమి చేయవలెనో చెప్పకుండా శిశుసంక్షేమాన్ని గూర్చి ఎన్ని ఉపన్యాసాలిచ్చినా ప్రయోజనం లేదని మా అభిప్రాయం.

చట్టం లేకపోలేదు. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం, నిర్ణీత సంఖ్యకు మించి స్త్రీలు పనిచేసే కార్ఖానాలో ఆరేళ్లలోపు పిల్లలకు శిశుగృహం ఉండాలని ఆదేశించింది. కాని పని కార్ఖానాను విడిచి ఇంటికి తరలింది. శిశుగృహం మాత్రం దాని వెంట రాలేదు.

అంగన్‌వాడీ ఉన్నది కదా అని పాఠకులు అడుగవచ్చును. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన ఆ పథకం చేసిన మేలును మేము తక్కువ చేయము. తెలంగాణలో 2015లో ఆరోగ్యలక్ష్మి పేరిట గర్భిణులకు, బాలింతలకు పూటభోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఏర్పాటయ్యాయి. అయితే కేంద్రంలో రోజూ కూర్చుండేది మూడేళ్లు నిండిన పిల్లలు. అంతకన్న చిన్నవారికి దక్కేది బాలామృతం పొట్లం. పొట్లం ఇంటికి చేరుతుంది. బిడ్డ చాట పక్కనే ఉంటుంది. పెద్ద పిల్లలు సైతం సాయంకాలానికి ముందే తిరిగివస్తారు. తల్లి పని దీపాలు పెట్టే వేళకు గాని తెమలదు.

1969లో ఢిల్లీ రాజఘాట్ వద్ద గాంధీ శతజయంతి నిర్మాణాలు సాగుతుండగా, కూలీల పిల్లలు దుమ్ములో పడి ఉండడం చూచి మీరా మహాదేవన్ అక్కడనే ఒక గుడారంలో శిశుగృహం తెరిచారు. మొబైల్ క్రెషస్ సంస్థ అట్లు పుట్టింది. గుత్తేదారు చోటు, నీరు ఇవ్వడం, సంస్థ శిక్షణ పొందిన ఆయాలను ఇవ్వడం దాని పద్ధతి. ఈ పంపకమే మాకు నచ్చినది. బీడీ వాడలలోను ఇది సాధ్యమే. 2022 నుండి కేంద్రప్రభుత్వపు పాల్నా పథకంలో అంగన్‌వాడీకి శిశుగృహాన్ని జోడించే వీలు కలిగింది. ఆహారం, జీతం ప్రభుత్వం భరించాలి. ఆకు, తంబాకు ఇంటికి పంపి లాభం గడించే యాజమాన్యం ఖర్చులో భాగం పంచుకోవాలి. చోటు మొహల్లా ఇవ్వాలి. పెండ్లిళ్లు లేని దినాలలో తాళం వేసి ఉండే షాదీఖానాలు, కులసంఘ భవనాలు ఎన్ని లేవు?

చోటుతో పాటు భాష కూడ ఇవ్వాలి. ఇంట్లో అమ్మీ అని పిలిచే బిడ్డకు కేంద్రంలో ఆ పలుకు వినిపించకపోతే నాలుగు నాళ్లు ఏడ్చి, అయిదవనాడు రాదు. ఆ వాడలోని పెద్దతల్లులలో ఒకరిని ఆయాగా నియమిస్తే ఈ చిక్కు తీరుతుంది. కాని జీతమిచ్చి నియమించాలి. సమాజ భాగస్వామ్యమనే మాట తరచుగా పేద స్త్రీల ఉచిత చాకిరికి మారుపేరు అవుతున్నది. అంగన్‌వాడీ కార్యకర్తకు ఇచ్చేదానిని నేటికీ గౌరవ వేతనమనే అంటున్నారు. ఆ గౌరవం వేతనాన్ని తగ్గించడానికే గాని మరెందుకూ పనికిరాలేదు.

ఇక మా వంతు. 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు, ఆరేళ్లలోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి అంగన్‌వాడీ లేని పల్లెగాని, మురికివాడగాని కోరినచో మూడు నెలలలోపల కేంద్రం ఏర్పరచాలని ఆదేశించింది. కోరవలెనంటే ముందు లెక్క తేలాలి. జాతీయ సేవా పథకం విద్యార్థులము ఏటా గడ్డి పీకి, గోడలకు సున్నం వేసి గంటలు నింపుకొంటున్నాము. ఈ ఏడు ఆ గంటలలో ఉర్దూ తెలిసిన ఒకరు, తెలుగు వ్రాయగల ఒకరు జంటగా ఇంటింటికి వెళ్లి పిల్లలను లెక్కిద్దాము. 40 తేలిన వాడలో అర్జీని రెండు భాషలలోను వ్రాసి, ఆనాడే తల్లుల సంతకాలో వేలిముద్రలో తీసుకొనవచ్చును.