మోకాలి చిప్ప మార్పిడికి ‘కొలత అచ్చు’: అదనపు ఖర్చుకు ఫలితమెంత?

మోకీలు మార్పిడి శస్త్రచికిత్సకు పట్నం వెళ్లే రోగులకు కొన్నిచోట్ల కొత్త మాట వినిపిస్తోంది. రోగి ఎముక కొలతకే తయారుచేసిన అచ్చుతో ఆపరేషన్ చేస్తామని, అందుకు ఖర్చు అదనమని చెబుతున్నారు. అప్పుచేసి వైద్యానికి వెళ్లే కుటుంబాలకు ఇది ఆలోచించవలసిన విషయమే.

చిప్ప మార్పిడి అని వాడుకలో ఉన్నా ప్రధానంగా మార్చేది చిప్పను కాదు. తొడ ఎముక కింది కొనను, కాలి ఎముక పై భాగాన్ని పలుచగా కోసి లోహపు భాగాలు బిగిస్తారు. వాటి మధ్య ప్లాస్టిక్ దిమ్మ అమరుస్తారు. తుంటి, మోకాలు, చీలమండ ఒకే వరుసలోకి వచ్చేలా కోయడంలోనే పనితనమంతా ఉంది. ఈ వరుస 3 డిగ్రీలకు మించి తప్పరాదన్నది వైద్యులు చిరకాలంగా పాటిస్తున్న సూత్రం.

పాత పద్ధతిలో తొడ ఎముక లోపలికి పొడవాటి కడ్డీ దూర్చి, దాని ఆధారంగా కోత నిర్ణయిస్తారు. కొత్త పద్ధతిలో ముందుగా స్కానింగ్ తీసి, కంప్యూటర్ సాయంతో ఎముక నమూనా రూపొందిస్తారు. దానికి సరిపడే ప్లాస్టిక్ అచ్చును త్రీడీ యంత్రంపై ముద్రిస్తారు. ఆపరేషన్‌లో అచ్చును ఎముకపై ఆనించి, దాని రంధ్రాల గుండా పిన్నులు దించి కోతకు గుర్తు పెట్టుకుంటారు. పని కాగానే తీసివేస్తారు. అది ఒంట్లో ఉండిపోయే వస్తువు కాదు.

పరికరాల పెట్టెలు తగ్గడం, ఎముకలోకి కడ్డీ దూర్చనవసరం లేకపోవడం దీనిలోని సౌలభ్యాలు. పాత విరుగుడు వల్ల తొడ ఎముక వంకరపోయిన వారికి, లోపల రాడ్డు ఉన్నవారికి ఇది అక్కరకు వస్తుంది. అయితే మామూలు రోగులలో నొప్పి తగ్గడంలో గాని, నడకలో గాని పాత పద్ధతి కంటే స్పష్టమైన మేలు పరిశోధనలలో రుజువు కాలేదు. 2019లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన అధ్యయనం ప్రకారం పూర్తి మోకీలు మార్పిడులలో సుమారు 82 శాతం 25 ఏళ్లు నిలిచాయి. అంత పాత ఆపరేషన్ల నాటికి ఈ అచ్చులు వాడుకలో లేవన్నది గమనార్హం.

కాగా, జాతీయ ఔషధ ధరల సంస్థ 2017 ఆగస్టులో కృత్రిమ మోకీళ్లకు గరిష్ఠ ధర నిర్ణయించింది. అంతకుముందు సగటున రూ.1,58,324 ఉన్న కోబాల్ట్ క్రోమియం కీలు ధర రూ.54,720కి దిగింది, పన్ను అదనం. ఈ పరిమితి కీలు భాగాలకే గాని స్కానింగ్, అచ్చు, ఆసుపత్రి ఖర్చులకు వర్తించదు. అందువల్ల బిల్లులో కీలు ధర, అచ్చు ధర విడివిడిగా చూపమని కోరాలి. తన ఎముకకు అచ్చు ఎందుకు అవసరమో రోగి ముందే అడిగి తెలుసుకోవాలి. సూటిగా సమాధానం రానిచోట, అచ్చు కంటే అనుభవం గల చేతిని వెతుక్కోవడమే మేలు.