కూర్చుంటే బద్ధకమా?

ఆషాఢం తగ్గింపు అమ్మకాల రోజుల్లో బట్టల షాపుల్లో పనిచేసే ఆడపిల్లలు మా ఓపీకి తరచుగా వస్తుంటారు. అందరి బాధా ఇంచుమించు ఒకటే. "సాయంత్రానికి పాదాలు వాచిపోతున్నాయండి, చెప్పులు పట్టడం లేదు." "రాత్రిళ్లు పిక్కలు పట్టేసి నిద్ర రావడం లేదు మేడమ్." పరీక్ష చేసి, మందులు రాసి, చివర్లో "విశ్రాంతి తీసుకో అమ్మా" అంటాం. ఒకసారి ఒక అమ్మాయి నవ్వి, "మందులు షాపులో దొరుకుతాయి, అదెక్కడ దొరుకుతుంది మేడమ్?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేకపోయింది.

గుండె నుంచి కాళ్లకు రక్తం సులువుగానే దిగుతుంది. తిరిగి పైకి ఎక్కడమే కష్టం. మనం నడుస్తున్నప్పుడు పిక్కల కండరాలు బిగుసుకుని సిరల్లోని రక్తాన్ని చేతిపంపులా పైకి తోస్తాయి. సిరల లోపలి చిన్న చిన్న కవాటాలు ఆ రక్తం మళ్లీ కిందికి జారకుండా ఆపుతాయి. ఒకేచోట కదలకుండా నిలబడితే ఈ పంపు సరిగా పనిచేయదు. రక్తం కాళ్లలో నిలిచి పాదాలు వాస్తాయి. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే కవాటాలు దెబ్బతిని, సిరలు ఉబ్బి మెలికలు తిరగవచ్చు. దీన్నే వెరికోస్ వీన్స్ అంటాం. వంశపారంపర్యం, గర్భధారణ, అధిక బరువు కూడా ఇందుకు తోడవుతాయి. అశ్రద్ధ చేస్తే చీలమండ దగ్గర చర్మం నల్లబడి, త్వరగా మానని పుండ్లు పడవచ్చు.

అలాగని రోజంతా కూర్చోవడమూ మంచిది కాదు. కుట్టుమిషను ముందు, కంప్యూటరు ముందు గంటల తరబడి వంగి కూర్చునేవారు మెడనొప్పి, నడుంనొప్పితో వస్తూనే ఉన్నారు. ఎంత సరైన భంగిమ అయినా అలాగే ఉండిపోతే శరీరం ఓర్చుకోలేదు. మార్చుతూ ఉండటమే మేలు.

అయితే ఈ జాగ్రత్తలన్నీ పనిచేసేవారికే చెప్పి ఊరుకోవడం న్యాయం కాదని మా అభిప్రాయం. చీర కొనేవారికి కుర్చీ వేస్తాం, చల్లటి నీళ్లు ఇస్తాం. చీర చూపించే మనిషికి స్టూలు కూడా వేయం. కూర్చుంటే బద్ధకమనీ, కొనేవారికి మర్యాద తక్కువ చేసినట్లనీ అనుకుంటాం. బాత్రూముకు వెళ్లనివ్వరని నీళ్లు తాగడమే మానుకుని, మూత్రంలో మంటతో వచ్చే పిల్లలూ ఉన్నారు.

ఇది కొత్త కోరికేమీ కాదు. నిలబడి పనిచేసేవారు వీలు దొరికినప్పుడు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌లోనే రాశారు. షాపుల దాకా ఆ మాట రావడానికి చాలా కాలం పట్టింది. కోళికోడ్‌లో మొదలైన 'పెణ్‌కూట్టు' అనే మహిళా సంఘం ఏళ్ల తరబడి పోరాడింది. 2018లో కేరళ, 2021లో తమిళనాడు తమ షాపుల చట్టాలను సవరించి, సిబ్బందికి కూర్చునే ఏర్పాటు తప్పనిసరి చేశాయి. మన ఊళ్లో ఒక స్టూలు వేయడానికి చట్టం కోసం ఎదురుచూడాలా?

ఇతరులకు చెప్పే ముందు మా ఇల్లు చూసుకున్నాం. మా మందుల కౌంటరులో సిబ్బంది పొద్దుటి నుంచి నిలబడే ఉండేవారు. రాత్రి డ్యూటీ నర్సు రెండు నిమిషాలు కూర్చుని కనిపిస్తే "పనేమీ లేదా?" అని అడిగిందీ మేమే. ఇప్పుడు కౌంటరులో ఎత్తు స్టూళ్లు వేయించాం. వరుస ఆగిపోలేదు, రోగులెవరూ మర్యాద తగ్గిందని అనలేదు. ఇంత చిన్న పనికి ఇన్నేళ్లు పట్టినందుకు సిగ్గుపడ్డాం.

నిలబడి పనిచేసేవారు వీలైనంతవరకు ఇవి పాటించండి:

* అరగంటకొకసారి మడమలు పైకెత్తి దించండి. పది, పదిహేనుసార్లు చాలు. నాలుగడుగులు వేయండి.
* చిన్న పీట మీద ఒక పాదం ఆన్చి, కాసేపటికి రెండోది మార్చండి. నడుం మీద భారం తగ్గుతుంది.
* మెత్తటి అడుగున్న, ఎత్తు మడమలు లేని చెప్పులు వాడండి.
* నీళ్లు తాగండి, మూత్రం ఆపుకోవద్దు.
* భోజనం ముగిశాక సెల్‌ఫోను పక్కన పెట్టి, పది నిమిషాలు కళ్లు మూసుకుని నెమ్మదిగా ఊపిరి తీసుకోండి. కళ్లు, మెడ ఫోనుకే అంటుకుని ఉంటే అది విశ్రాంతి కాదు.
* ఇంటికి వెళ్లాక కాళ్లను దిండు మీద గుండెకన్నా ఎత్తున పెట్టి పావుగంట పడుకోండి. ఆ పావుగంట ఇంట్లోవారు వంట పని అందుకోవాలి.

ఒక కాలే హఠాత్తుగా వాచి నొప్పి పెట్టినా, నడుంనొప్పితోపాటు కాళ్లు మొద్దుబారినా, మూత్రం అదుపు తప్పినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోండి. బిగుతు మేజోళ్లు డాక్టరు చెబితేనే వాడండి.

షాపు యజమానులకు మా మనవి ఒక్కటే. ఒక స్టూలు ఖరీదు మీరమ్మే మంచి చీర ఖరీదుకన్నా ఎక్కువేమీ కాదు. కొనేవారికి కూడా ఒక మాట. ఈసారి షాపుకు వెళ్లినప్పుడు "నువ్వూ కాస్త కూర్చో అమ్మా" అనండి. యజమానికి వినబడేలా అనండి. విశ్రాంతి ఎక్కడ దొరుకుతుందని అడిగిన ఆ అమ్మాయికి మనమందరం కలిసి ఇవ్వవలసిన జవాబు అదే.