కిలో అంటే... దేని కిలో?

మొన్న ఎమ్మిగనూరు వెళ్ళినప్పుడు మామ ముందు గొప్పలకు పోయి భంగపడ్డాను. ఆయన పత్తి ఆదోని యార్డుకి వేస్తాడు. యార్డులో పత్తి రేటు, మిల్లుల దూది రేటు మ్యాథమెటికాలో ఒకే గ్రాఫుగా గీసి, చుక్క మీద మౌస్ పెడితే ధర కనబడేలా టూల్‌టిప్ పెట్టి చూపించాను.

యార్డులో పలికేది క్వింటాలు రేటు. దూదికి క్యాండీ లెక్క, అంటే సుమారు 356 కిలోలు. అన్నీ ఒకే కొలతలోకి తెస్తే గానీ మన జాతికి నిద్ర పట్టదు కదా :) కిలోకి మార్చేశా. పత్తి క్వింటాలు 7,000, దూది క్యాండీ 56,000 అనుకోండి. టూల్‌టిప్‌లో ఒకటి 70, ఇంకోటి 157.

"ఏమిరా అల్లుడా, నాకు డెబ్బై ఇచ్చి వాడు నూటయాభై ఏడుకి అమ్ముకుంటున్నాడా?" అన్నాడు మామ, చాలా కోపంగా.

లెక్క తప్పు కాదు. కానీ రైతు తెచ్చేది గింజతో ఉన్న పత్తి. క్వింటాలు ఆడిస్తే దూది మూడో వంతుకి కాస్త అటూఇటూ. 35 కిలోలు వచ్చిందనుకున్నా దాని విలువ 5,500. మిగతాది గింజల మీద రావాలి. మిల్లువాళ్ళని వెనకేసుకు రావట్లేదు, తేమ పేరుతో కోతల గొడవ వేరే ఉంది. కానీ ఈ దోపిడీని మాత్రం సృష్టించింది నా టూల్‌టిప్పే!

2012లో వచ్చిన 9వ వెర్షను నుంచి మ్యాథమెటికాలో 'క్వాంటిటీ' ఉంది. కిలోకీ క్వింటాలుకీ తేడా దానికి తెలుసు, దేని కిలోనో తెలీదు. మ్యాట్‌ల్యాబ్ అయితే మనం చెప్పకపోతే ఎక్స్ ఇంత, వై ఇంత అని ఊరుకుంటుంది. 2019 నుంచి ఆ డేటా టిప్‌లో వరసలు మార్చుకోవడం తేలికైంది, అయినా మనలో ఎంతమంది మారుస్తున్నాం? డెమో ముందురోజు రాత్రి చేసే పని అది.

నన్నడిగితే, మనిషి నోట పలికే అంకె, కొలత, సరుకు పేరు పైన ఉండాలి. మార్చిన లెక్క కింద. ఎమ్మిగనూరు మగ్గాల దగ్గర 40 నెంబరు నూలు అంటే పౌనుకి 840 గజాల చిలపలు 40. నెంబరు పెరిగితే నూలు సన్నబడుతుంది. దాన్ని 14.8 టెక్స్ అని చూపిస్తే నేతగాడికి ఏం ఒరుగుతుంది?

సాయంత్రానికి 'గింజతో పత్తి, క్వింటాలు 7,000' అని వచ్చేలా మార్చి మళ్ళీ చూపించా. మామ కాసేపు చూసి, "మరి గింజల రేటేదిరా?" అన్నాడు.

అదింకా గీయలేదు.