దాచినంత మాత్రమున దక్కునా?

“పాడైన వస్తువును బాగుచేయుటకంటె క్రొత్తది కొనుట మేలు” అను మాట నేడు మన యిండ్లలోను, పాఠశాలలలోను తఱచుగా వినవచ్చుచున్నది. కొన్ని యెడల అది నిజమే. కాని వస్తువును విప్పి చూడకమునుపే ఆ తీర్పు చెప్పుట తగదని నా యభిప్రాయము. ఇట్లు వ్రాయుటకు నాకు అధికార మిచ్చినది నా నేర్పు కాదు, నేను చేసిన తప్పు.

ఒక దాత తాను వాడి విడిచిన 386 కంప్యూటరును ఏండ్ల క్రిందట మన పాఠశాల కిచ్చెను. క్రొత్త యంత్రములు వచ్చిన పిమ్మట దానిని నేనే తుడిచి, గుడ్డలో చుట్టి, సామానుగదిలోని బీరువాలో నుంచి తాళము వేసితిని. దానిపై ధూళి పడలేదు; ఎలుక కొఱుకలేదు; ఎవరును ముట్టలేదు. ఇంతకంటె భద్రమేమి కావలెనని తలచితిని. గడచిన వేసవిలో పాతసామాను కొనువానికి అమ్మవలెనని బీరువా తెఱచి, పెట్టె మూత విప్పి చూడగా, మదర్‌బోర్డు మీద ఒక మూల ఆకుపచ్చని చిలుము పట్టి యుండెను. వెలుపలి శత్రువులు చేయని చెఱుపును లోపలనే యున్న చిన్న బ్యాటరీ చేసినది.

ఆ బ్యాటరీ పని యేమనగా, విద్యుత్తు లేనప్పుడును కంప్యూటరునకు తేదీని, కాలమును, తనలోని భాగముల వివరమును జ్ఞాపకముంచుట. 1984లో ఐ.బి.ఎం. సంస్థవారి పి.సి. ఏ.టి. వచ్చిన తరువాత ఈ యేర్పాటు వ్యాపించినది. పిదప ఇతరులు చేసిన బోర్డులు అనేకములపై వ్రేలెడు నికెల్-కాడ్మియం బ్యాటరీని టంకముతో అతికెడివారు. అందు 1.2 వోల్టుల ఘటములు 3 చేరి 3.6 వోల్టులగును. లోపల పొటాషియం హైడ్రాక్సైడు అను తీవ్రమైన క్షార ముండును. ఏండ్లు గడచినకొలది అది వెలికి కారి, బోర్డుపైనున్న రాగిగీతలను మెల్లమెల్లగా తినివేయును. ఎవరును చూడకుండుటయే దాని కనుకూలము. నేను వేసిన తాళము దానికి తోడ్పడినది.

“అమ్మివేయుడు” అని కొందఱనిరి. “సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరునకు పంపుడు” అని మఱికొందఱనిరి. నేను రెండును చేయక, పదవ తరగతి పిల్లలను కొందఱను పిలిచితిని. చేతులకు తొడుగులు, కన్నులకు అద్దములు పెట్టుకొని బ్యాటరీని నేనే కత్తిరించి తీసితిని. పిమ్మట తెల్లని పొక్కుపై వెనిగరు చుక్కలు వేయగా చురచుర బుడగలు లేచెను. ఒక బాలిక వెంటనే, “సార్, ఇది కార్బన్ డయాక్సైడు కాదా?” అని యడిగెను. అవును. కారిన క్షారము గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చి పొటాషియం కార్బొనేటుగా మాఱి యుండెను. ఆమ్లములు, క్షారములు అను పాఠమును నేను నల్లబల్లపై ఎన్ని మాఱులు చెప్పితినో లెక్కలేదు. ఇట్టి ప్రశ్న ఒక్కనాడును రాలేదు. తరువాత నీటితోను, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతోను కడిగి ఆరబెట్టితిమి.

మల్టీమీటరుతో పరీక్షింపగా నాలుగు గీతలు తెగియుండెను. వానిలో రెండు కీబోర్డునకు పోవునవి. ఇక్కడినుండి నా చదువు చాలలేదు. మన యూళ్లే నాకు గురువులైనవి. మిర్యాలగూడలో రైసుమిల్లుల మోటార్లకు తీగ చుట్టు పనివాడు వెండ్రుకవంటి ఎనామిలు రాగితీగ నిచ్చెను. సూర్యాపేటలో సెల్‌ఫోన్లు బాగుచేయు యువకుడు భూతద్దము క్రింద దానిని అతికెను. పాత బ్యాటరీకి మాఱుగా నాణెమువంటి లిథియం ఘటమును పెట్టబోవుచుండగా, కోదాడలో రేడియోలు బాగుచేసిన వృద్ధుడొకడు నన్ను వారించెను. బోర్డు పాత బ్యాటరీని చార్జి చేయుచుండెడిది. లిథియం ఘటమును చార్జి చేయరాదు. కావున నడుమ ఒక డయోడు ఉండవలెనని అతడు చెప్పెను. ఆ మాట వినకున్న నేను రెండవ తప్పు చేసియుందును.

ఇప్పుడు కంప్యూటరు లేచుచున్నది. మొదటిసారి తెరపై 1980 జనవరి 1 అని కనబడగా పిల్లలు నవ్విరి. తామే సరియైన తేదీని దిద్దిరి. కాని పూర్తిగా బాగైనదని చెప్పజాలను. ఒక కార్డు స్లాటు నేటికిని పనిచేయదు.

“జేబులోని ఫోను దీనికంటె వేయిరెట్లు శక్తి గలది, ఇంత శ్రమ యేల?” అని తల్లిదండ్రులలో కొందఱు అడుగవచ్చును. పని చేయించుకొనుటకు ఇది తగదని నేనును ఒప్పుకొందును. కాని ఫోనులో భాగములు కంటి కందవు. 1985లో వెలువడిన 80386 కాలపు బోర్డుపై గీత ఎక్కడ మొదలై ఎక్కడికి పోవుచున్నదో బాలుడు చాలవఱకు వ్రేలితో చూపగలడు. కారణమును వెదకి పట్టుకొనుట అచ్చట నేర్వవచ్చును. అంతేకాక, మన వీధులలో చిన్న దుకాణములలో కూర్చున్నవారి యొద్ద ఎంత విద్య యున్నదో పిల్లలు తెలిసికొనిరి. పరీక్షలో మార్కులు రానివారు చేయు పని అది యని తలచు అలవాటు మనలో కలదు. ఆ తలపు నశింపవలెను.

కావున నా మనవి రెండు. పాఠశాలలో వారమున కొక గంట మరమ్మతుపనికి కేటాయింపవలెను. ప్రతి సంవత్సరము వేసవి సెలవులకు ముందు ఒకనాడు సామానుగది తెఱచి, ఉపయోగములో లేని యంత్రములు, గడియారములు, టార్చిలైట్లనుండి బ్యాటరీలను తీసివేయవలెను. ఇండ్లలోను అట్లే చేయుడు. తీసినవానిని చెత్తలో వేయకుడు; కాడ్మియం విషము. బ్యాటరీలను తయారుచేయువారే వాడినవానిని తిరిగి సేకరింపవలెనని 2022 నాటి నియమములు చెప్పుచున్నవి. అనుమతి గల సేకరణదారులకే వానిని అప్పగింపవలెను.

సామానుగది తాళపుచెవి నా యొద్దనే యున్నది. ఏప్రిల్ మాసములో తలుపు తీసెదను, రాదలచినవారు పేరిండు.